మీకు తెలుసా? ఆగగలిగిన సరుకుకే ధర

కర్నూలు మార్కెట్ యార్డులో 2019 డిసెంబరులో క్వింటాల్ ఉల్లిగడ్డ పది వేల రూపాయలు దాటి పలికింది. అదే యార్డులో 2025 సెప్టెంబరులో ధర ఎంతగా పడిపోయిందంటే, మార్క్‌ఫెడ్ వచ్చి క్వింటాలుకు 1,200 రూపాయల లెక్కన కొనాల్సి వచ్చింది. ఆ నెలలోనే ఉల్లి రైతులకు హెక్టారుకు 50 వేల రూపాయల సాయం కూడా ప్రభుత్వం ప్రకటించింది. ఆరేళ్లలో నేల మారలేదు, పండించే చేతులూ మారలేదు. మరి ఇంత తేడా ఎక్కడ పుట్టింది? అంతా రైతు తలరాత అని వదిలేయడం నాకు సుతరామూ ఇష్టం లేదు. కూరగాయల ధరకు కారణాలుంటాయి. వాటిలో చాలావరకు కంటికి కనిపించేవి, చేత్తో తడిమి చూడదగ్గవి. ఈసారి మన ఆత్మకూరు నుంచి బయల్దేరి వాటిలో కొన్ని చూద్దాం.

ఏ ఆత్మకూరు?

నెల్లూరు జిల్లా ఆత్మకూరు కాదు, అనంతపురం జిల్లాలోదీ కాదు. నల్లమల అంచున, వెలుగోడు పక్కనున్నది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చేదాకా కర్నూలు జిల్లాలో ఉండేది, ఇప్పుడు నంద్యాల జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రం. ఊరికి రైలు లేదు. పండిన గడ్డ, కాయ, గెల ఏదైనా చక్రాల మీదే పోవాలి. పడమటికి పోతే డెబ్బై కిలోమీటర్ల దూరాన కర్నూలు, దక్షిణానికి పోతే నంద్యాల, తూర్పుకు పోతే అడవి నడుమ నుంచి దోర్నాల మీదుగా గుంటూరు దారి. ఊరికి రైలు లేకపోవడం కూరగాయల ధర మీద ఎలా పడుతుందో అరటి దగ్గర చెబుతాను.

మన గడ్డకు ధర కట్టేది ఎక్కడ?

కర్నూలు యార్డు రాష్ట్రంలో ఉల్లికి పెద్ద మార్కెట్. అయినా ఇక్కడి ధర ఇక్కడే పుట్టదు. కర్నూలు గడ్డ లారీలకెక్కి పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడేనికి, హైదరాబాదు మలక్‌పేటకు పోతుంది. ఆ రెండు చోట్లకూ మహారాష్ట్ర గడ్డ కూడా వస్తుంది. తాడేపల్లిగూడెంలో కొనేవాడి ముందు రెండు కుప్పలుంటాయి. ఒకటి ఏప్రిల్‌లో పీకి, ఆరబెట్టి, షెడ్డులో నాలుగైదు నెలలు నిల్వ ఉంచి తెచ్చిన మహారాష్ట్ర యాసంగి గడ్డ. రెండోది మొన్న వానలో పీకి నిన్న లారీకెక్కించిన కర్నూలు ఖరీఫ్ గడ్డ. మొదటి కుప్ప దుకాణంలో ఇంకో నెల నిలుస్తుంది. రెండోది వారం, పది రోజుల్లో అమ్ముడుపోవాలి. వ్యాపారి రెండింటికీ ఒకే ధర ఎందుకు పెడతాడు?

మహారాష్ట్రలో నిల్వ గడ్డ ఎక్కువగా మిగిలిపోయిన ఏడాది ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మన గడ్డకు గడ్డుకాలం. అక్కడ వానలు ముంచెత్తి నిల్వ పోయి, కొత్త పంట కూడా దెబ్బతిన్న ఏడాది మన గడ్డే బంగారం. 2019లో జరిగింది అదే. అంటే కర్నూలు రైతు తన ఊరి మేఘాలతో పాటు నాసిక్ మేఘాలనూ కనిపెట్టుకుని ఉండాలి. నాసిక్ జిల్లాలోని లాసల్‌గావ్ ఉల్లి మార్కెట్ ధర ఫోన్లో చూసుకుని యార్డుకు బయల్దేరే రైతులు ఇప్పుడు చాలామందే ఉన్నారు, మంచిదే. కానీ ధర తెలిసినంత మాత్రాన పీకిన గడ్డ ఆగదు కదా.

మెడ చూసి చెప్పే తీర్పు

యార్డులో కొనేవాడు గడ్డను ఎలా చూస్తాడో ఎప్పుడైనా గమనించండి. కుప్ప పైనున్న గడ్డను ముట్టుకోడు. మోచేయి దాకా లోపలికి పోనిచ్చి అడుగు నుంచి రెండు మూడు గడ్డలు తీస్తాడు. బొటనవేలితో గడ్డ మెడ నొక్కుతాడు. మెడ మెత్తగా లోపలికి పోయిందంటే లోపల ఇంకా పచ్చితనం ఉంది. తర్వాత రెండు గడ్డల్ని ఒకదానికొకటి రుద్దుతాడు. ఎండిన పొర గలగలమనాలి. ఆ చప్పుడు రాలేదంటే పొర తడిగా ఉన్నట్టు. చివరికి వేళ్ల మీద పొడి నలుపు అంటిందేమో చూసుకుంటాడు, బూజు పట్టిందీ లేనిదీ దాంతో తెలుస్తుంది. ఇదంతా అర నిమిషం కూడా పట్టదు. "మెడ ఇంకా పచ్చిగుందన్నా" అంటాడు. ఆ ఒక్క మాటతో క్వింటాలుకు ఎన్ని వందలు జారిపోతాయో రైతుకు వెంటనే తెలిసిపోతుంది.

ఆ మెడలో ఏముంది? ఉల్లిగడ్డలో 85 నుంచి 90 శాతం దాకా నీరే. ఆకు వాలి, మెడ ఎండి మూసుకుపోతే లోపలి నీరు బయటికి పోదు, బయటి బూజు లోపలికి రాదు. అందుకే పీకిన గడ్డను నీడ పట్టున, గాలి తగిలేలా కొన్ని రోజులు ఆరనివ్వాలంటారు. ఎండాకాలపు పంటకు ఎండే ఆ పని చేసిపెడుతుంది. మన ఖరీఫ్ పంట చేతికొచ్చేదేమో సరిగ్గా వానల నెలల్లో. ఆరబెట్టడానికి నేల తడి, గాలి తడి, పైన మబ్బు. షెడ్డు లేని రైతు ఏం చేయగలడు? తడిగడ్డను పొలంలో ఉంచితే కుళ్లు, యార్డుకు తెస్తే తరుగు. వ్యాపారి మెడ నొక్కి చెప్పిన తీర్పు నిజమే కావచ్చు. కానీ ఆ పచ్చితనం రైతు అజాగ్రత్త వల్ల వచ్చింది కాదు, పంటకాలం తెచ్చిపెట్టింది. ఈ సంగతి మరిచిపోయి "కర్నూలు గడ్డ నాణ్యత తక్కువ" అనేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. పల్లెకొక గాలి ఆడే ఆరబెట్టే షెడ్డు ఉంటే ఈ గడ్డకు ఎంత ధర పలికేదో ఒకసారి చూసి అప్పుడు మాట్లాడాలి.

బఫర్ నిల్వలో మన వాటా తక్కువ, ఎందుకంటే...

ఉల్లి ధర పెరిగినప్పుడు బయటికి తీయడానికి కేంద్రం గడ్డను కొని దాస్తుంది. 2023 ఆగస్టులో ఆ లక్ష్యాన్ని 3 లక్షల టన్నుల నుంచి 5 లక్షల టన్నులకు పెంచారు. దాచాలంటే నిలిచే గడ్డ కావాలి. అందుకే కొనుగోళ్లలో ఎక్కువ భాగం మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, గుజరాత్ యాసంగి గడ్డదే. ధర పడినప్పుడు రైతును కాస్తో కూస్తో ఆదుకునే ఆ కొనుగోలు, వానాకాలపు గడ్డ పండించే కర్నూలు దాకా రావడం అరుదు. ఆ నిల్వను బయటికి తీసిన నెలల్లో మాత్రం ధర మన దగ్గరా తగ్గుతుంది.

కోల్డ్ స్టోరేజీ కడితే సరిపోతుందా?

సరిపోదు. ఉల్లికి రెండు చోట్లే నచ్చుతాయి. ఒకటి సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉండే పొడి చలి, రెండోది 25 నుంచి 30 డిగ్రీల మామూలు వేడిలో గాలి ఆడే షెడ్డు. ఈ రెండింటికీ నడుమ, 10 నుంచి 20 డిగ్రీల మధ్య పెడితే గడ్డకు మొలకొస్తుంది. మిర్చి కోసం కట్టిన చల్లని గోదాములో ఖాళీ ఉంది కదా అని ఉల్లి బస్తాలు పెడితే నిలవవు. పైగా చలిలోంచి తీసి ఎండలో పెట్టగానే గడ్డకు చెమట పడుతుంది, దాంతో బూజు వస్తుంది. ప్రతి ఎన్నికల్లోనూ కోల్డ్ స్టోరేజీ హామీ వినిపిస్తుంది. ఏ పంటకు, ఎన్ని డిగ్రీలు, ఎంత తేమ అని అడిగేవాళ్లు ఉంటేనే ఆ హామీకి అర్థం.

ఉల్లిని ఎండబెట్టి పొడి చేసే ఫ్యాక్టరీల మాటా వస్తుంటుంది. గుజరాత్‌లోని మహువా ఆ పనికి పేరున్న చోటు. అక్కడ వాడేది ఎక్కువగా నీరు తక్కువగా ఉండే తెల్ల ఉల్లి. మన ఎర్రగడ్డలో నీరు ఎక్కువ, ఆ నీటిని ఆవిరి చేయడానికి ఖర్చూ ఎక్కువ. ఫ్యాక్టరీ కట్టాలంటే ముందు దానికి తగిన రకం పండించాలి.

కడప గడ్డకు ఢిల్లీ ప్రత్యేక అనుమతి

2020 ఫిబ్రవరిలో దేశమంతా ఉల్లి ఎగుమతి మీద నిషేధం అమల్లో ఉంది. అప్పుడు కేంద్రం ఒక్క గడ్డకు పేరు పెట్టి మరీ తలుపు తెరిచింది: కడప జిల్లాలో పండే కృష్ణాపురం ఉల్లి. మార్చి నెలాఖరు దాకా 10 వేల టన్నులు పంపుకోవచ్చు, అదీ చెన్నై రేవు నుంచే, రాష్ట్ర ఉద్యాన శాఖ ధ్రువపత్రంతోనే అన్నారు. అదే ఏడాది అక్టోబరులో మళ్లీ బెంగళూరు రోజ్ ఉల్లితో పాటు కృష్ణాపురం ఉల్లికీ తలా 10 వేల టన్నుల అనుమతి వచ్చింది.

కారణం గడ్డలోనే ఉంది. చిన్న గడ్డ, ఘాటు చాలా ఎక్కువ. మన ఇళ్లలో దీన్ని కూరలకు పెద్దగా వాడరు, మలేషియా, సింగపూర్, థాయిలాండ్, హాంకాంగ్ వంటల్లో దీనికి గిరాకీ. నిషేధం పెట్టింది ఢిల్లీ, ముంబై వంటింటికి ఉల్లి అందాలని. ఆ వంటింట్లోకే పోని గడ్డను ఆపితే ఎవరికీ లాభం లేదు, కడప రైతుకు మాత్రం నష్టం. ఈ చిన్న వాదన కేంద్రం చెవిన వేసి ఒప్పించడానికి ఉత్తర్వు దాకా పోవాల్సి వచ్చింది. కడప జిల్లా మైదుకూరు చుట్టుపక్కల ఉల్లి పండించేవాళ్లకు నిషేధం అన్న మాట పత్రికలో కనిపిస్తే గుండె ఎందుకు గుభేల్‌మంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది. పంట నేలలో ఉండగా నియమం మారుతుంది, పంటను మాత్రం మార్చలేం కదా.

తర్వాత కూడా ఈ ఊగిసలాట ఆగలేదు. 2023 డిసెంబరు 8న మళ్లీ నిషేధం, 2024 మే 4న ఎత్తివేత, దాని వెంటే 40 శాతం ఎగుమతి సుంకం, సెప్టెంబరులో అది 20 శాతం, చివరికి 2025 ఏప్రిల్ 1 నుంచి సుంకమే లేదు. పదహారు నెలల్లో ఇన్ని మలుపులు తిరిగితే విదేశంలో కొనేవాడు మాత్రం ఎన్నాళ్లు ఎదురుచూస్తాడు? పాకిస్థాన్ గడ్డో, ఈజిప్టు గడ్డో చూసుకుంటాడు.

పేపర్లో పడిన ధర ఎవరిది?

"కర్నూలులో ఉల్లి క్వింటాల్ ఇంత" అని వార్త వస్తే, అది చాలాసార్లు ఆ రోజు పలికిన గరిష్ఠ ధర. యార్డు లెక్కలో రోజుకు మూడు ధరలుంటాయి: కనిష్ఠం, గరిష్ఠం, మోడల్. మోడల్ ధర అంటే ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడైందో అది. గరిష్ఠం ఒకటి రెండు మంచి లాట్లకు వచ్చింది కావచ్చు. యార్డుకు వచ్చిన ఎక్కువమంది రైతుల జేబులోకి పోయింది మోడల్ ధరే. కేంద్రం 2000లో మొదలుపెట్టిన అగ్‌మార్క్‌నెట్‌లో ఈ మూడూ రోజువారీగా దొరుకుతాయి, ఫోన్లోనే చూసుకోవచ్చు. ఒక పంట ధర బాగుందా లేదా అని మాట్లాడుకునేటప్పుడు మోడల్ ధరను, కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య ఎడాన్ని చూడండి. ఆ ఎడం పెద్దదైతే వచ్చిన సరుకు నాణ్యతలో తేడాలు ఎక్కువున్నాయని అర్థం. పత్రికలు పెద్ద అంకెనే అచ్చేస్తుంటే, పట్నంలో కొనేవాళ్లకు రైతు లాభాల్లో మునిగి తేలుతున్నట్టు కనిపిస్తుంది. ఆ అపోహతో రైతుకే చేటు.

రూపాయిలో రైతు పైసలు

2024 అక్టోబరులో రిజర్వు బ్యాంకు పరిశోధకులు వేసిన లెక్క ఇది. వినియోగదారుడు టమాటాకు పెట్టే ప్రతి రూపాయిలో రైతుకు చేరేది సుమారు 33 పైసలు. ఉల్లిలో 36, ఆలుగడ్డలో 37. మిగతాదంతా దళారి మింగేస్తాడనుకుంటే పొరపాటే. హమాలీ, బస్తా, లారీ, కమీషన్, దుకాణం అద్దె, పాడైపోయినది అన్నీ అందులోనే ఉన్నాయి. పాడైపోయేది తక్కువేం కాదు. లూధియానాలోని కేంద్ర కోతానంతర ఇంజినీరింగ్, సాంకేతిక సంస్థ (సిఫెట్) 2015 నివేదిక ప్రకారం కోత నుంచి అంగడి దాకా టమాటాలో 12.44 శాతం పోతుంది. జామలో అయితే 15.88 శాతం. ఎవరూ తినకుండానే చెత్తకుప్పకు పోయే ఆ ఎనిమిదో వంతు టమాటా ఖర్చును రైతూ, కొనేవాళ్లూ కలిసి మోస్తున్నారు.

టమాటా: పత్తికొండ, మదనపల్లె

2023 జులై చివర్లో మదనపల్లెలో మొదటి రకం టమాటా కిలో 200 రూపాయల దగ్గరికి పోయింది. మన పత్తికొండ, ఆస్పరి వైపు కిలో రూపాయికి పడిపోయి, రైతులు బాక్సులు రోడ్డు మీద కుమ్మరించి పోయిన రోజులు మాత్రం ఒకసారి కాదు, చాలాసార్లు చూశాం. ఈ ఎగుడుదిగుళ్లకు 1934లో నికొలస్ కాల్డార్ అనే ఆర్థికవేత్త సాలెగూడు సూత్రం అని పేరు పెట్టాడు. ధర బాగున్న నెలలో అందరూ నారు పోస్తారు, రెండు మూడు నెలలకు అందరి కాయా ఒకేసారి వస్తుంది, ధర పడుతుంది. తర్వాతి విడతకు అందరూ వెనక్కి తగ్గుతారు, మళ్లీ ధర పెరుగుతుంది. టమాటా విషయంలో ఇంకో చిక్కుంది. ధర పడిందని కోయకుండా వదిలేయలేరు. పండు చెట్టు మీద మిగిలితే తర్వాతి కాపు దెబ్బతింటుంది. కోత కూలి, బాక్సు బాడుగ, లారీ బాడుగ కలిపితే అమ్మిన డబ్బు దాటిపోతుందని తెలిసీ కోయించే రోజులుంటాయి.

కాయను ఏ దశలో కోస్తారన్నదే టమాటా ప్రయాణాన్ని తేల్చేది. అడుగున కొద్దిగా రంగు తిరిగిన దోరకాయ హైదరాబాదు, చెన్నై దాకా చెడకుండా పోతుంది. ఎర్రగా మాగినది చుట్టుపక్కల సంతలకే. మనకు పట్నంలో దొరికే టమాటా చాలావరకు దారిలో, గోదాములో మాగినదే. కొని తెచ్చాక ఫ్రిజ్‌లో పెడితే ఇంకో దెబ్బ. 12, 13 డిగ్రీల కంటే కింద టమాటా రంగు, వాసన ఆగిపోతాయి, కండ పిండిలా మారుతుంది. దోరకాయను బయటే మాగనివ్వండి.

జ్యూస్ ఫ్యాక్టరీ సంగతి కూడా చెప్పుకోవాలి, పత్తికొండలో ఏళ్ల తరబడి నలుగుతున్న మాట కాబట్టి. మామూలు టమాటాలో నీరు పోగా మిగిలే గట్టి పదార్థం నాలుగైదు శాతమే. చిక్కటి పేస్టు కిలో తీయాలంటే ఆరు కిలోల దాకా పండు కావాలి. లారీలో నలగకుండా దూరాలు పోవాలని ఎంచుకున్న మందపు తోలు హైబ్రిడ్లలో రసం పలచన. ఫ్యాక్టరీకి కావలసింది చిక్కటి గుజ్జున్న రకాలు, వాటిని ముందే కుదుర్చుకున్న ధరకు కొనే ఒప్పందం. ధర పడిన రోజున మాత్రమే పండు కొని, పెరిగిన రోజున మూతపడే ఫ్యాక్టరీ నాలుగు కాలాలు నిలవదు. ఒప్పందం సంగతి తేల్చకుండా శంకుస్థాపన రాయి వేస్తే రైతుకు ఒరిగేదేమీ ఉండదు.

రైతుబజార్ బోర్డు మీద ధర ఎలా వస్తుంది?

1999 జనవరి 26న రాష్ట్రంలో రైతుబజార్లు మొదలయ్యాయి. అప్పుడు పెట్టుకున్న సూత్రం సులువైనది: హోల్‌సేల్ ధర కంటే 25 శాతం ఎక్కువ, బయటి చిల్లర ధర కంటే 25 శాతం తక్కువ. రైతుకూ లాభం, కొనేవాళ్లకూ లాభం. కర్నూలు సి.క్యాంపు రైతుబజార్‌కు పొద్దున్నే పోతే ఆ బోర్డు కనిపిస్తుంది. 2019 చివర్లో ఉల్లి మండిపోయినప్పుడు ప్రభుత్వం కిలో 25 రూపాయలకు అమ్మించింది కూడా రైతుబజార్లలోనే. ఈ పద్ధతి బాగా నడవాలంటే బోర్డు పక్కన కూర్చున్నవాళ్లు నిజంగా రైతులై ఉండాలి, అక్కడికి పొద్దున్నే వచ్చి చేరడానికి వాళ్లకు బస్సు ఉండాలి.

సూట్, తరుగు

చీనీకాయ తోటలున్నవాళ్లకు ఈ మాట కొత్త కాదు. టన్ను అమ్మితే దాని మీద ఇన్ని కిలోలు ఉచితంగా తూచి ఇవ్వాలి, అదే సూట్. కుళ్లిందీ, పగిలిందీ పోతుందనే లెక్కతో మొదలై, కాయ ఎంత బాగున్నా తప్పని ఆనవాయితీ అయింది. కూరగాయల్లో దీన్నే తరుగు అంటారు. నాణ్యత చూసి ధర తగ్గిస్తే అర్థం ఉంది. ధరా తగ్గించి, తూకంలోనూ కోత పెడితే ఒకే తప్పుకు రెండుసార్లు జరిమానా వేసినట్టు.

ఇలాంటివి ఆపడానికే మార్కెట్ చట్టాలు వచ్చాయి. వ్యవసాయంపై రాయల్ కమిషన్ 1928లో నియంత్రిత మార్కెట్లు కావాలని చెప్పింది. నిజాం రాజ్యంలో 1930లో, మద్రాసు ప్రెసిడెన్సీలో 1933లో చట్టాలు వచ్చాయి. ఆ రెంటి స్థానంలో 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం వచ్చింది. చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాను: ఆ చట్టం ప్రకారం మార్కెట్ సెస్సు కట్టాల్సింది కొనేవాడు, అమ్మే రైతు కాదు. మీ పట్టీలో, అంటే అమ్మకపు రసీదులో, సెస్సు పేరుతో కోత కనిపిస్తే మార్కెట్ కమిటీ కార్యదర్శిని అడగండి. పట్టీ లేకుండా డబ్బు తీసుకోకండి. తెల్ల కాగితం మీద రాసిచ్చే చీటీతో రేపు ఏ ఫిర్యాదూ నిలవదు.

అరటి, 13 డిగ్రీలు, రైలు

ఆత్మకూరు, వెలుగోడు, మహానంది వైపు నీటి వసతి ఉన్న చోట అరటి కనిపిస్తుంది. అరటికి చలి పడదు. 13 డిగ్రీల కంటే కిందికి పోతే తొక్క మసిబారుతుంది, లోపల పండు సరిగా మాగదు. అలాగని మామూలు లారీలో ఎండకు పోతే దారిలోనే మాగిపోతుంది. దూరదేశం పోవాలంటే పొలం నుంచి ఓడ దాకా 13, 14 డిగ్రీలు తప్పకుండా ఉండాలి. 2020 జనవరి 30న అనంతపురం జిల్లా తాడిపత్రి స్టేషను నుంచి 43 శీతల కంటైనర్ల అరటితో ఒక రైలు ముంబై జేఎన్‌పీటీ రేవుకు బయల్దేరింది. అదే ఏడాది సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శనగర్‌కు దక్షిణాదిలో మొదటి కిసాన్ రైలు పోయింది.

ఆత్మకూరు గెలకు ఆ అవకాశం లేదు. లారీకెక్కి నంద్యాలకో, కర్నూలుకో పోయి, అక్కడ మళ్లీ దించి ఎక్కించాలి. దించిన ప్రతిసారీ గెల మీద గీత పడుతుంది, గీత పడిన చోట తొక్క నల్లబడుతుంది. ఎగుమతి చేసేవాడు అలాంటి కాయను పక్కన పెడతాడు. రుచిలో ఏ తేడా లేకపోయినా గ్రేడు పోయినట్టే.

సరుకు రవాణా ఆలోచన మన వైపు కొత్తదేం కాదు. నూటయాభై ఏళ్ల కిందట కర్నూలు–కడప కాలువ తవ్వింది సాగునీటికి మాత్రమే కాదు, సరుకు పడవలు నడపడానికి కూడా. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860ల్లో మొదలుపెట్టిన ఈ కాలువను 1882లో ప్రభుత్వం కొనేసింది. నీళ్లు ఈనాటికీ పారుతున్నాయి, పడవలు మాత్రం ఎప్పుడో పోయాయి.

కన్ను తెరిచిన సీతాఫలం

నల్లమల సీతాఫలం వానలు తగ్గే వేళకు దిగుతుంది. అడవిలో దాన్ని ఏరేవాళ్లలో చెంచులు ఉంటారు. కాయ మీద కళ్ల మధ్య గీతలు వెడల్పై లేత పసుపు కనిపిస్తేనే కోయాలి. కన్ను తెరవని కాయ కోస్తే మాగదు, నల్లగా గట్టిపడిపోతుంది. తెరిచాక కోస్తే రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. ఆ రెండు రోజుల్లో అడవి నుంచి రోడ్డుకు, రోడ్డు నుంచి పట్నానికి, పట్నం నుంచి మీ ఇంటికి చేరాలి. తెచ్చినవాళ్లు సాయంత్రానికి ఎంతకైనా ఇచ్చేస్తారని కాచుకుని కూర్చునే బేరగాళ్లు ఉంటారు. దయచేసి వాళ్లలో ఒకరు కాకండి. పొద్దున అడిగిన ధరే సాయంత్రం కూడా ఇవ్వండి.

బనగానపల్లె మామిడికి చట్టపు కాపలా

మన జిల్లాలోని బనగానపల్లె పేరుతో ఉన్న మామిడికి 2017 మేలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరుకే కాదు, మామిడిని మాగబెట్టే పద్ధతికీ చట్టం కాపలా ఉంది: కాల్షియం కార్బైడ్‌తో మాగబెట్టడం నిషేధం, ఇథిలిన్ వాయువును 100 పీపీఎం దాకా వాడొచ్చు. కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లు ఉంటాయి కాబట్టి ఆ నిషేధం. పైన పసుపు పచ్చగా మెరుస్తూ, లోపల పుల్లగా, గట్టిగా ఉందంటే అనుమానించండి.

ఇంటికి తెచ్చాక

ఉల్లిగడ్డ కొనేటప్పుడు యార్డు వ్యాపారిలా మెడ నొక్కి చూడండి. గట్టిగా, సన్నగా ఉంటే నెల దాకా నిలుస్తుంది. మెడ మెత్తగా ఉన్నా పారేయాల్సిన పని లేదు, వారంలో వాడుకుంటే అదీ మంచి గడ్డే. వానాకాలంలో కర్నూలు గడ్డను బస్తాలెత్తి కొని పెట్టుకోకుండా వారానికి సరిపడా తెచ్చుకోండి, ప్లాస్టిక్ సంచిలోంచి తీసి గాలికి పరచండి. ఆలుగడ్డతో కలిపి ఒకే బుట్టలో పెట్టకండి, ఒకదాని తేమకు రెండోది చెడిపోతుంది.